పెన్సిల్ గీతలో పడవ

రైల్వే పట్టణంగా ప్రసిద్ధి చెందిన బిలాస్‌పూర్‌కు బిలాసా అనే కేవట్ స్త్రీ వల్ల ఆ పేరు వచ్చిందని జనశ్రుతి. చేపలు పట్టడం, పడవలు నడపడం కేవట్ల కులవృత్తులు. అర్పా నదీతీరాన వెలసిన ఈ ఊరికి బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకోసం తెలుగు కుటుంబాలు తరలివచ్చాయి. ఆ రైలుమార్గమే ఉత్తరాంధ్ర తీరాన్ని కూడా తాకింది. పడవతో ఇంతటి బంధుత్వం గల ఊరివారు చిన్న పడవల పెన్సిల్ చిత్రాన్ని ఎలా చదవాలి?

జార్జి చినరీ చిత్రాలు ఇందుకు తగిన ఉదాహరణ. 1774లో లండన్‌లో జన్మించిన చినరీ 1802లో మద్రాసు చేరి, 1807లో కలకత్తాకు తరలివెళ్ళాడు. సంపన్నుల రూపచిత్రాలు ఆయనకు జీవనోపాధి కాగా, తీరపు పడవలు, జాలరులు ఆయన అభిమాన విషయాలు. తన స్కెచ్చుల మీద ఆయన సంక్షిప్తలిపిలో గుర్తులు వ్రాసుకునేవాడు. అవి చిత్రకారుని అవసరానికి వ్రాసుకున్నవి. పడవవాని శ్రమను మాత్రం గీతలోనే వెదకాలి.

ఆనాటి మద్రాసుకు ఓడరేవు లేదు. ఓడలు దూరాన లంగరు వేయగా, మనుషులను, సరకులను మసూలా పడవలు ఒడ్డుకు చేర్చేవి. ఆ పేరును మచిలీపట్నంతో ముడిపెట్టినవారున్నారు. ఈ పడవ పలకలను ఇనుప మేకులతో బిగించక కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేవారు. అల తాకిడికి బిగుతైన చెక్క పగులుతుంది; కుట్టిన పడవ కొంత వంగి నిలదొక్కుకుంటుంది. కనుక చిత్రంలో పడవ పక్క కొంత ఎగుడుదిగుడుగా కనిపిస్తే, గీసినవాని చేయి తడబడిందని తొందరపడరాదు. అది కుట్టుపని లక్షణం కావచ్చు. పక్కన గీసిన తెప్ప కూడా కేవలం అలంకారం కాదు. పడవ బోల్తాపడితే మనుషులను కాపాడడానికి తెప్పలు వెంట వెళ్ళేవి.

రేవులు ఏర్పడిన చోట ఈ పడవల పని తగ్గింది. 1931లో రాయపూర్ - విజయనగరం రైలుమార్గం పూర్తయింది. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైంది. మధ్యపరగణాల ఖనిజం రైలుమీద వచ్చి నేరుగా ఓడకెక్కింది. బిలాస్‌పూర్ తెలుగువారికి అన్నం పెట్టిన రైల్వేయే తీరంలో కొందరి తెడ్డుకు విశ్రాంతినిచ్చింది.

దస్త్రాలలో ఓడల పేర్లు, సరకుల తూకాలు నిలిచాయి. తెడ్డు వేసినవారి పేర్లు అరుదు. బిలాసా పేరును ఒక ఊరు దాచుకున్నది. తక్కినవారికి మిగిలినవి ఇటువంటి కొన్ని గీతలే. వాటిని సుందర దృశ్యాలుగా మాత్రమే చూస్తే వారి నేర్పు రెండవమారు మరుగున పడుతుంది.