దూరపు కంప్యూటరు పలకనప్పుడు

డెస్క్‌టాప్ కంప్యూటరు ముందు కూర్చోకుండానే నెట్‌వర్క్ మీదుగా దాన్ని నడపడం, మరమ్మతు చేయడం, అవసరమైతే ఆపి మళ్లీ మొదలుపెట్టడం అనే పనులన్నింటినీ కలిపి రిమోట్ మేనేజ్‌మెంట్ అంటారు. కనెక్షన్ కుదరనప్పుడు లోపం ఎక్కడుందో కనిపెట్టే విద్యకు తొలినుంచీ మూలాధారం ఒక్కటే: అవతలి యంత్రం పలికిందా, లేదా అన్నది. నాలుగు దశాబ్దాల్లో యంత్రాల వేగం, ఉపకరణాల సంఖ్య ఎంతగానో పెరిగినా, ఆ ఆధారం మాత్రం క్రమంగా బలహీనపడుతూ వచ్చింది. భద్రత కోసం బుద్ధిపూర్వకంగా చేసిన ఏర్పాట్లే అందుకు ప్రధాన కారణం.

ఆ ఆధారాన్ని అందరి చేతికీ అందించినవాడు మైక్ మూస్. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, అబర్డీన్‌లోని సైనిక బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేస్తూ, నెట్‌వర్క్ వింతగా ప్రవర్తిస్తున్న సందర్భంలో 1983 డిసెంబరులో ఒక్క సాయంత్రం కూర్చుని ఆయన ‘పింగ్’ అనే చిన్న ప్రోగ్రామును రాశాడు. నీటిలోని వస్తువులను పసిగట్టే సోనార్ చేసే శబ్దమే దానికి పేరయింది. నెట్‌వర్క్ దోషాలను, స్థితిగతులను తెలిపే సందేశాల కోసం 1981లో వెలువడిన ఐసీఎంపీ అనే నియమావళిలో, అందిన సందేశాన్ని యథాతథంగా తిప్పి పంపమని కోరే ఏర్పాటు అప్పటికే ఉంది. దాన్ని వాడుకుని, జవాబు రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి తెరమీద చూపడం మూస్ చేసిన పని. 1989 నాటి ఇంటర్నెట్ ప్రమాణం నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటరూ ఇలాంటి ప్రశ్నకు జవాబివ్వగలిగి తీరాలని విధించింది. అందువల్ల ఆ రోజుల్లో జవాబు రాలేదంటే తీగ తెగి ఉండాలి, మధ్యలో రూటరు దారి తప్పించి ఉండాలి, లేదా అవతలి యంత్రం ఆగిపోయి ఉండాలి.

కార్యాలయాల్లో డెస్క్‌టాప్‌లు వేలల్లోకి పెరిగిన 1990లలో, ఉద్యోగులు ఇంటికి వెళ్లాక మరమ్మతులు చేయడానికి, ఆపివేసిన యంత్రాన్ని దూరం నుంచే లేపవలసిన అవసరం ఏర్పడింది. 1995లో ఏఎండీ, హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలు ముందుకు తెచ్చిన ‘మ్యాజిక్ ప్యాకెట్’ ఆ అవసరం తీర్చింది. అన్ని బిట్లూ ఒకటిగా ఉన్న 6 బైట్లు, ఆపైన ఆ యంత్రపు నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే ఇచ్చిన 6 బైట్ల చిరునామా వరుసగా 16 సార్లు, వెరసి 102 బైట్లు: దాని నిర్మాణం ఇంతే. కంప్యూటరు ఆగి ఉన్నా కార్డుకు కొద్దిపాటి విద్యుత్తు అందుతూ ఉంటుంది కాబట్టి, తన చిరునామా వినగానే అది యంత్రాన్ని లేపుతుంది. అయితే ఇది సాధారణంగా ఒకే స్థానిక నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నింటికీ చేరే బ్రాడ్‌కాస్ట్ రూపంలో వెళ్తుంది గనుక మామూలుగా రూటర్లు దాన్ని ఆవలికి పోనివ్వవు. అందినట్టు రసీదు కూడా రాదు గనుక, యంత్రం లేవకపోతే ప్యాకెట్ చేరలేదా, చేరినా కార్డు పట్టించుకోలేదా అన్నది పంపినవారికి తెలియదు.

అసలు మలుపు 2003 ఆగస్టులో వచ్చింది. తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే బ్లాస్టర్ అనే హానికర ప్రోగ్రాము, విండోస్‌లో 135వ పోర్టు ద్వారా చొరబడింది. పోర్టు అంటే ఒకే కంప్యూటరులోని వేర్వేరు సేవలను వేరుపరిచే సంఖ్య. 135 సరిగ్గా రిమోట్ మేనేజ్‌మెంట్ ఆధారపడిన ద్వారమే. మరుసటి ఏడాది ఆగస్టులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్‌లో, రాకపోకలను వడగట్టే ఫైర్‌వాల్ ఎవరూ కోరకుండానే పనిచేయడం మొదలుపెట్టి, బయటినుంచి వచ్చే కనెక్షన్లతోపాటు పింగ్‌ను కూడా అడ్డుకుంది. అది అవసరమైన చర్యే. కానీ ఆనాటినుంచి ఆరోగ్యంగా పనిచేస్తున్న యంత్రం కూడా చచ్చినదానిలాగే కనిపించసాగింది.

అందుచేత నిపుణులు వైఫల్యాల మధ్య తేడాలను చదవడం అలవరచుకోవలసి వచ్చింది. కనెక్షన్ కోరిన వెంటనే ‘రిఫ్యూజ్డ్’ అని వస్తే అది చాలావరకు శుభవార్తే, ఎందుకంటే అవతల యంత్రం మేలుకొని ఉంది, అడిగిన పోర్టులో సేవ మాత్రమే నడవడం లేదు. కొన్ని క్షణాలు నిరీక్షించాక ‘టైమ్డ్ అవుట్’ అని వస్తే, దారిలో ఏదో ఒక ఫైర్‌వాల్ ప్యాకెట్‌ను చప్పుడు చేయకుండా పారేసి ఉండవచ్చు, లేదా యంత్రమే లేకపోవచ్చు. ఈ రెండు సందేశాల తేడా పట్టుకోలేనివారు గంటల తరబడి తప్పు చోట వెతుకుతారు.

ఇంటెల్ 2006లో వీప్రో పేరుతో కార్యాలయాల యంత్రాల్లోకి తెచ్చిన యాక్టివ్ మేనేజ్‌మెంట్ టెక్నాలజీ, అంటే ఏఎంటీ, ఈ చిక్కును మరో దిక్కుకు తిప్పింది. మదర్‌బోర్డు చిప్‌సెట్‌లోనే ఉండే ఒక చిన్న ప్రాసెసరు, విండోస్‌తో నిమిత్తం లేకుండా, 16992, 16993 పోర్టులకు వచ్చే ప్యాకెట్లను అందుకుంటుంది. విండోస్ కూలిపోయినా, కంప్యూటరు ఆపి ఉన్నా అది పలుకుతుంది. అలా అమర్చి ఉంటే పింగ్‌కూ జవాబిస్తుంది. అంటే మౌనం మరణానికి నిదర్శనం కాకుండా పోయినట్టే, పలుకు కూడా ప్రాణానికి రుజువుగా నిలవలేదు. అదే యంత్రంలోని విండోస్ నుంచి ఆ పోర్టులను పరీక్షించబోతే, ఆ ప్యాకెట్ తీగ మీదికి వెళ్లకుండా లోపలే తిరుగుతుంది కాబట్టి, అందుకోసం ప్రత్యేక సేవ నడుస్తుంటే తప్ప ఏఎంటీ దొరకదు. పరీక్ష మరో యంత్రం నుంచి జరగాలి.

2017 మేలో ఆ ఏఎంటీలోనే తీవ్రమైన లోపం వెల్లడైంది. పాస్‌వర్డ్‌కు బదులుగా వచ్చే సంకేతాన్ని సరిపోల్చేటప్పుడు, వచ్చిన సంకేతం ఎంత పొడవుంటే అంతమేరకే అది పోల్చేది. అందువల్ల ఖాళీ సంకేతం పంపినవారికి తలుపు తెరుచుకునేది. సవరించిన ఫర్మ్‌వేర్‌ను ఒక్కో కంప్యూటర్ తయారీదారు తన నమూనాలకు విడివిడిగా అందించవలసి రావడంతో, అది వచ్చేదాకా ఏఎంటీని ఆపి ఉంచడం ఇంటెల్ సూచించిన జాగ్రత్తల్లో ఒకటి. అలా ఆపిన యంత్రాలను తిరిగి కలుపుకోవాలంటే, దూరం నుంచి అమర్చే ఏర్పాటు ముందే లేని చోట, ఎవరో ఒకరు యంత్రం దాకా నడిచి వెళ్లి, అది మొదలయ్యే క్షణంలో చాలా నమూనాల్లో కంట్రోల్, పీ మీటలు కలిపి నొక్కి, అమరికలన్నీ చేత్తో చేయవలసి ఉంటుంది.