తల్లి స్థానంలో మిత్రుడు: తెలుగు సాహస కథల్లో కుటుంబ రహస్య ఛేదన

ప్రవేశిక

ఇంటి పెద్దలు దాచిన రహస్యాన్ని పిల్లలు కలిసికట్టుగా ఛేదించడం ఆధునిక బాల సాహిత్యంలో స్థిరపడిన ఇతివృత్తం. తాత వదిలివెళ్లిన పెట్టె, అందులో అర్థంకాని గుర్తులు, వాటి జాడ పట్టుకొని బయలుదేరే మిత్రబృందం ఈ కథల్లో తరచుగా కనిపించే సామగ్రి. ఈ ఇతివృత్తం ఇంగ్లీషు ద్వారా, బెంగాలీ ద్వారా మనకు వచ్చిందనీ తెలుగులో దీనికి స్వతంత్రమైన మూలాలు లేవనీ తేలికగా అనిపించవచ్చు. మౌఖిక కథల నుంచి 'చందమామ' ధారావాహికల వరకు వరుసగా పరిశీలిస్తే ఆ అభిప్రాయం నిలవదు. కుటుంబ రహస్యాన్ని ఛేదించే బాలుడు తెలుగు కథకు కొత్తవాడు కాడు. అయితే అతడు వెదికినది నిధిని కాదు, తల్లిని. అతనికి తోడైనది సమవయస్కుడైన మిత్రుడు కాదు, బందీగా ఉన్న ఆ తల్లే. ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగంలో ఈ జంట మారి, తల్లి స్థానంలోకి మిత్రుడు వచ్చాడు. ఆ మార్పులో తెలుగు సాహస కథకు దక్కినదేమిటో, అది పోగొట్టుకున్నదేమిటో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిధి కోసం సాగిన అన్వేషణలు

పోలిక కోసం ముందుగా ఇతర భాషల్లోని కొన్ని ప్రసిద్ధ రచనలను గమనించాలి. బెంగాలీలో హేమేంద్రకుమార్ రాయ్ 1920ల్లో రాసిన 'జఖేర్ ధన్'లో కుమార్ అనే యువకునికి, తాత మరణానంతరం ఆయన పెట్టెలో ఒక పుర్రె దొరుకుతుంది. దానిపై చెక్కిన అంకెలు నిధి ఉన్న చోటుకు దారి చెప్పే సంకేతాలు. కుమార్ తన మిత్రుడు బిమల్‌తో కలిసి ఆ అంకెల అర్థం తేల్చి అసోం కొండలకు ప్రయాణమవుతాడు. ఇంగ్లీషులో ఎనిడ్ బ్లైటన్ 1942లో ప్రకటించిన 'ఫైవ్ ఆన్ ఎ ట్రెజర్ ఐలాండ్'లో నలుగురు పిల్లలు, ఒక కుక్క కలిసి మునిగిపోయిన ఓడకు సంబంధించిన బంగారాన్ని కనిపెడతారు. ఆ ఓడ పిల్లలలో ఒకరైన జార్జ్ పూర్వీకులది. బంగారం దొరకడంతో ఆమె ఇంటి ఆర్థిక ఇబ్బందులు తీరతాయి.

ఈ రెండు కథలూ కుటుంబ రహస్యాన్ని ఆస్తితో ముడిపెట్టాయి. పూర్వీకులు వదిలినదాన్ని వారసులు తిరిగి పొందడమే వాటిలో రహస్య ఛేదన. అటువంటి కథ నడవాలంటే పెట్టెలు, పటాలు, పాత ఓడలు వారసత్వంగా రాగలిగిన కుటుంబం ఉండాలి. జర్మన్ రచయిత ఎరిక్ కేస్ట్నర్ 1929లో వెలువరించిన 'ఎమిల్ అండ్ ద డిటెక్టివ్స్' కొంత భిన్నమైనది. అందులో ఎమిల్ తల్లి తలకట్లు దిద్ది జీవనం సాగించే శ్రమజీవి. అమ్మమ్మకు అందించమని ఆమె ఇచ్చిన డబ్బు రైలులో దొంగతనానికి గురవుతుంది. బెర్లిన్ నగర బాలలు ఎమిల్‌కు తోడై దొంగను పట్టుకుంటారు. ఇక్కడ పిల్లలు కాపాడినది పూర్వీకుల సొత్తు కాదు, తల్లి కష్టార్జితం. అయినా ఆ తల్లి కథారంభంలో కొడుకును సాగనంపి వెనుకే ఉండిపోతుంది. అన్వేషణలో ఆమెకు పాత్ర లేదు.

బాలనాగమ్మ కథ: లోపలి అన్వేషకురాలు

తెలుగు దేశంలో జానపద కళాకారుల గానంలోనూ యక్షగానాల్లోనూ సురభి నాటకాల్లోనూ ప్రసిద్ధి పొందిన బాలనాగమ్మ కథలో నిధి ప్రసక్తి లేదు. కథనాలలో భేదాలున్నా ముఖ్యాంశాలు ఒక్కటే. మాయల ఫకీరు భిక్షకునిగా వచ్చి బాలనాగమ్మను కుక్కగా మార్చి తన కోటకు తీసుకుపోతాడు. ఆమెను విడిపించడానికి వెళ్లిన భర్త కార్యవర్ది రాజు, అతని అన్నలు రాళ్లవుతారు. ఊయలలో మిగిలిన బాలవర్ది పెద్దమ్మల పెంపకంలో పెరిగి, తన ఇంటికి జరిగినది తెలుసుకొని బయలుదేరతాడు. పూలు కట్టే తంబళి పెద్ది ఇంట మనుమడిగా చేరి, పూలదండల నెపంతో తల్లి ఉన్న చోటికి ప్రవేశం సంపాదిస్తాడు. ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉందన్న రహస్యం తెలిశాక దాన్ని సాధించి తెచ్చి, తల్లిని విడిపిస్తాడు. రాళ్లయినవారు తిరిగి మనుషులవుతారు.

ఈ కథా సంవిధానం పాతదనడానికి అచ్చులో ఆధారముంది. బొంబాయి గవర్నర్ బార్టిల్ ఫ్రేర్ కుమార్తె మేరీ ఫ్రేర్ 1868లో ప్రచురించిన 'ఓల్డ్ డెక్కన్ డేస్' సంపుటిలోని 'పంచ్‌కిన్' కథ దీనికి అతి దగ్గరి రూపాంతరం. అందులో నాయిక పేరు బాల్నా. ఆమె ఏడుగురు అక్కచెల్లెళ్లలో చిన్నది. మాంత్రికుడు ఆమెను కుక్కగా మార్చి తీసుకుపోవడం, ఆమె భర్త రాయి కావడం, కొడుకు తోటమాలి వితంతువు ఇంట తలదాచుకోవడం, చిలుకలో మాంత్రికుని ప్రాణం ఉండడం అన్నీ అందులో ఉన్నాయి. కొడుకు తన ఉంగరాన్ని పూలతో పాటు తల్లికి అందేలా చేసి తానెవరో తెలియజేస్తాడు. ఈ కథలను మేరీ ఫ్రేర్‌కు చెప్పినది ఆమె ఇంట ఆయాగా పనిచేసిన అన్నా లిబెరాటా డిసౌజా. తాను వాటిని తన అమ్మమ్మ నోట విన్నానని అన్నా చెప్పుకొన్నది. అంటే ఇంటి నుంచి తల్లి మాయమైన కథ ఒక ఇంటి ఆడవారి నోళ్ల మీదుగా తరం నుంచి తరానికి నడిచి అచ్చుకెక్కింది.

ఈ రెండు రూపాల్లోనూ ప్రత్యేకంగా గమనించవలసినది చిలుక రహస్యం తెలిసిన తీరు. దాన్ని కనిపెట్టినది కొడుకు కాదు. మాంత్రికునితో లౌక్యంగా మాట్లాడి, అతని ప్రాణం ఎక్కడుందో రాబట్టినది తల్లి. ఆమె బందీ అయినా నిస్సహాయ కాదు. వ్రతం నెపంతో ఫకీరును ఏళ్ల తరబడి దూరంగా ఉంచినదీ ఆమే. రహస్యం తెలుసుకోవడం లోపలి పని, దాన్ని సాధించి తేవడం బయటి పని. తల్లి లోపలి పని, కొడుకు బయటి పని పంచుకున్నారు. ఒకరి పని లేకుండా రెండవవారి పని ఫలించదు. బాలనాగమ్మ కథను కేవలం పాతివ్రత్య మహిమగానో బాలవీరుని సాహసంగానో చదివినప్పుడు ఈ సహకారం మరుగున పడుతుంది.

ఇద్దరి మధ్య నిలిచిన తంబళి పెద్ది పాత్ర కూడా చిన్నది కాదు. ఆమె రక్తబంధువు కాదు. రాజవంశీయురాలు అంతకన్నా కాదు. పూలు కట్టి బతికే ముసలి స్త్రీ. లోపలి అన్వేషకురాలికీ బయటి అన్వేషకునికీ మధ్య వార్త నడిచే దారి ఆమె వృత్తి వల్లనే ఏర్పడింది. రాజుల సైన్యాలు చేరలేని చోటుకు పూలబుట్ట చేరింది.

జెమినీ సంస్థ నిర్మాణంలో సి. పుల్లయ్య దర్శకత్వాన, కాంచనమాల నాయికగా 'బాలనాగమ్మ' చలనచిత్రం 1942లో వెలువడింది. బ్లైటన్ పిల్లలు పూర్వీకుల బంగారం వెదుకుతూ అచ్చులోకి వచ్చిన సంవత్సరమే తెలుగు బాలుడు తల్లిని వెదుకుతూ వెండితెర మీదికి వచ్చాడు. రెండు సంప్రదాయాలూ కుటుంబ రహస్యమంటే ఏమని భావించాయో ఈ ఒక్క సంవత్సరమే స్పష్టం చేస్తుంది.

ప్రశ్నించే బాలుడు, తోడు నడిచే మిత్రుడు

తెలుగు కథలో సహప్రయాణికుల జంట ఏర్పడిన మరొక మార్గం మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు'. ఈ పన్నెండు భాగాల గ్రంథంలో మణిసిద్ధుడనే యతి వెంట ఒక పశులకాపరి బాలుడు కాశీయాత్రకు బయలుదేరతాడు. ప్రతి మజిలీలోనూ బాలుడు తాను చూసిన వింత గురించి అడుగుతాడు, యతి దాని వెనుక కథ చెబుతాడు. రహస్యం విప్పేది గురువే అయినా, అది రహస్యమని గుర్తించేది బాలుడు. అతని ప్రశ్న లేకుండా ఏ కథా మొదలుకాదు. 1951 నాటి 'పాతాళభైరవి' చిత్రంలో తోట రాముడు, అంజి జంటతో ఈ తోడు గురుశిష్య సంబంధం నుంచి స్నేహంగా మారింది.

ఇదే కాలంలో పిల్లల పత్రికలు నిలదొక్కుకున్నాయి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల 'బాల' 1945లోనూ, నాగిరెడ్డి, చక్రపాణిల 'చందమామ' 1947 జూలైలోనూ మొదలయ్యాయి. 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో ప్రారంభించి, 1970ల వరకు పన్నెండు ధారావాహికలు రాశారు. వాటిపై రచయిత పేరు ఉండేది కాదు. ఆ కథలను నెలనెలా చదివి పెరిగిన పాఠకులలో చాలామందికి, వాటిని రాసినవారెవరో ఎన్నో ఏళ్ల తరువాత గాని తెలియలేదు.

ఈ ధారావాహికలు తెలుగు సాహస కథకు యువ మిత్రుల జంటను స్థిరపరచాయి. 'పాతాళదుర్గం'లో ధూమకసోమకులు, 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి, 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు ఇందుకు ఉదాహరణలు. ఒకరి బలం మరొకరి యుక్తికి తోడుకావడం, ఆపదలో ఒకరినొకరు విడవకపోవడం ఈ జంటల లక్షణం. ఇది నిస్సందేహంగా లాభం. బాలవర్దికి అతని పుట్టుకే సాహసానికి అర్హత. ఈ మిత్రులకు అర్హత స్నేహం. చదివే పిల్లవాడు రాజకుమారుడు కాలేడు గాని, మిత్రుడు కాగలడు.

అయితే ఈ లాభం వెంట ఒక నష్టమూ వచ్చింది. 'మాయాసరోవరం'లో రాజు కనకాక్షుని బిడ్డలు అపహరణకు గురవుతారు. వారిని వెదకడానికి జయశీలుడు, సిద్ధసాధకుడు బయలుదేరతారు. ఇక్కడ కుటుంబ రహస్యం ఉన్నది గాని, అది అన్వేషకుల కుటుంబానిది కాదు. బాలనాగమ్మ కథలో మాయమైనది తల్లి, వెదికినది బిడ్డ. ఇక్కడ మాయమైనది బిడ్డలు, వెదికినది బయటివారు. రహస్యం రాబట్టే పని కూడా లోపలి నుంచి బయటికి వచ్చింది. అపహరణకు గురైనవారు ఇప్పుడు కాపాడవలసినవారే గాని, అన్వేషణలో భాగస్వాములు కారు. తల్లి చేసిన పనిని మిత్రుడు అందుకోవడంతో, కథలో ఆమెకు చోటు లేకుండాపోయింది. స్నేహం వచ్చి స్త్రీ బుద్ధిని పక్కకు జరిపిందని చెప్పడం కఠినంగా తోచవచ్చు. కాని కథా నిర్మాణాల పోలికలో తేలేది అదే.

పెద్దల కోసం వచ్చిన అపరాధ పరిశోధక నవలలు ఈ లోటును పూడ్చలేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు వృత్తిరీత్యా పరిశోధకులు. ఇంటి రహస్యం వారికి ఒక కేసు. ఇంట్లోవారు అందులో సాక్షులో అనుమానితులో తప్ప పరిశోధకులు కారు.

పెట్టె లేని ఇళ్లు

ఈ చర్చకు నేటి బాల సాహిత్య రచనతో సంబంధముంది. సంగారెడ్డిని ఆనుకొని ఉన్న పోతిరెడ్డిపల్లిని, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. పరిశ్రమల్లో పని కోసం అనేక జిల్లాల నుంచీ ఇతర రాష్ట్రాల నుంచీ వచ్చిన కుటుంబాలు ఇక్కడి అద్దె ఇళ్లలో నివసిస్తున్నాయి. అటువంటి ఇంట తాతల నాటి పెట్టె ఉండదు, అటక మీద పటం దొరకదు. బ్లైటన్ నమూనాలో రాసిన కథకు ఆ ఇంట కాలు మోపే చోటు లేదు.

కాని ఆ ఇళ్లలో రహస్యాలు లేవని కాదు. సొంత ఊరు ఎందుకు విడిచారు, అమ్మమ్మ మాట్లాడే భాష ఇంట్లో ఎందుకు ఆగిపోయింది, పాత ఫొటోలో ఉన్న మనిషి పేరు ఎవరూ ఎందుకు పలకరు అన్నవి ఆ పిల్లల ముందు నిలిచే ప్రశ్నలు. ఇవి ఆస్తికి కాక, మనుషులకు సంబంధించిన రహస్యాలు. వాటికి జవాబు తెలిసినవారిలో తల్లి ముఖ్యురాలు. ఈ రహస్యాలను ఛేదించే కథకు నమూనా కావాలంటే సముద్రాలు దాటి వెదకనక్కరలేదు. తల్లి లోపలి నుంచి చెప్పగా, బిడ్డ బయట వెదకగా, పూలు కట్టే ముసలమ్మ వారి మధ్య దారి కాగా నడిచిన కథ తెలుగులో ఉండనే ఉంది. 'చందమామ' ఇచ్చిన మిత్రులను ఆ కథలోకి పిలవడమే మిగిలిన పని.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. కుటుంబ రహస్య ఛేదన తెలుగు కథకు ఎరువు సొమ్ము కాదు. 1868 నాటికే అచ్చులో కనిపించే దక్కను కథా సంప్రదాయంలో దాని రూపం ఉంది. ఇంగ్లీషు, బెంగాలీ సాహస కథల ఉదాహరణల్లో రహస్యం వారసత్వపు ఆస్తిది కాగా, ఈ సంప్రదాయంలో అది తప్పిపోయిన మనిషిది. మౌఖిక కథలో తల్లీబిడ్డలు పంచుకున్న అన్వేషణ 1954 తరువాతి ధారావాహికల్లో మిత్రుల జంట చేతికి మారింది. ఆ మార్పు స్నేహాన్ని పెంచి, తల్లిని అన్వేషణ నుంచి తప్పించింది. బాలనాగమ్మ రాబట్టిన రహస్యం లేకపోతే బాలవర్ది సాహసానికి గమ్యమే ఉండేది కాదు. తెలుగు బాల సాహిత్య చరిత్ర ఆమెను అపహృతగా మాత్రమే కాక, ఆ కథలోని తొలి అన్వేషకురాలిగా కూడా లెక్కించవలసి ఉంది.