ఉదాహరణ కావ్యం

దేవుణ్నో రాజునో స్తుతిస్తూ ఎనిమిది విభక్తుల్లోనూ వరుసగా పద్యాలు చెప్పే లఘుకావ్యం ఉదాహరణం. తెలుగు ఉదాహరణాల్లో మిక్కిలి పేరుపొందినది రావిపాటి త్రిపురాంతకకవి రచించిన త్రిపురాంతకోదాహరణం. ఆ కావ్యం కొలిచే స్వామి మార్కాపురానికి ఈశాన్యాన, కుమారగిరిపై వెలసిన త్రిపురాంతకేశ్వరుడు. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న ఈ క్షేత్రంలో కాకతీయుల నాటి శాసనాలు ఉన్నాయి.

ప్రతి విభక్తికీ ఒక వృత్తం, ఒక కళిక, ఒక ఉత్కళిక ఉంటాయి. ఉత్పలమాల, మత్తేభం వంటి వృత్తం నిదానంగా నడుస్తుంది. కళిక ఎనిమిది పాదాల రగడ. ఉత్కళిక అందులో సగం నిడివి గల రగడ కాబట్టి నడక ఒక్కసారిగా వడి అందుకుంటుంది. రెండేసి పాదాలకు ప్రాస, అంత్యప్రాస కుదరడంతో పైకి చదివితే తాళం దానంతటదే పడుతుంది. ఇలా ఇరవై నాలుగు అయ్యాక, అన్ని విభక్తులనూ ఒక్కచోట ఇమిడ్చే సార్వవిభక్తిక పద్యం, కవి పేరు చెప్పే అంకితాంక పద్యం వస్తాయి. మొత్తం 26.

ఇది వ్యాకరణ విన్యాసమే అనుకుంటే కావ్యానికి అన్యాయం చేసినట్టే. విభక్తి మారితే స్వామితో భక్తుడి సంబంధమే మారుతుంది. ప్రథమలో త్రిపురాంతకుడు కర్త, కాపాడేవాడు. ద్వితీయలో త్రిపురాంతకుని కొలుస్తాం. తృతీయలో త్రిపురాంతకునిచేత రక్షణ పొందుతాం. చతుర్థిలో ఆయన కొరకు సమర్పణ, పంచమిలో ఆయన వలన వరాలు, షష్ఠిలో ఆయనకు దాస్యం, సప్తమిలో ఆయనయందు మనసు. ఏడు విభక్తుల దాకా దేవుడి గురించి చెప్పిన నోరు సంబోధనకు వచ్చేసరికి దేవుడితోనే మాట్లాడుతుంది. బడిలో ‘డు ము వు లు ప్రథమ’ అని వల్లె వేయించేటప్పుడు ఒక ఉదాహరణం కూడా చదివి వినిపిస్తే, చేత, కొరకు, వలన అనే ప్రత్యయాల పని పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది.

తెలుగులో ఈ ప్రక్రియకు ఆద్యుడు పాల్కురికి సోమనాథుడు. ఆయన బసవోదాహరణాన్ని తెలుగులోనూ సంస్కృతంలోనూ రాశాడు. కాకతీయ ప్రతాపరుద్రుడి (1289–1323) ఆస్థానంలోని విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయంలో ఉదాహరణానికి లక్షణం చెప్పాడు. త్రిపురాంతకకవి కూడా దాదాపు ఆ కాలంవాడే. ఆయన సంస్కృతంలో రాసిన ప్రేమాభిరామం మనకు దక్కలేదు. దాని ఆధారంగా వచ్చిన తెలుగు క్రీడాభిరామం మాత్రం మిగిలింది. అంత పెద్ద నష్టం మధ్య త్రిపురాంతకోదాహరణం నిలిచి ఉండడం మన అదృష్టం.

ఆ తరవాత తాళ్లపాక పెదతిరుమలాచార్యుడు వేంకటేశ్వరోదాహరణం చెప్పాడు. ఇరవయ్యో శతాబ్దంలో నిడుదవోలు వేంకటరావు ‘ఉదాహరణ వాఙ్మయ చరిత్ర’ రాసి, శతకాల వెలుగులో మరుగున పడిన ఈ కావ్యాలను సాహిత్య చరిత్రలో ఒక శాఖగా నిలబెట్టాడు.