సూరత్ రైలుమార్గం: విదేశీ అప్పులో వడ్డీ వెనుక దాగిన లెక్క

సూరత్ అనగానే మనకు చీరలు గుర్తుకొస్తాయి. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన ఎన్నో పద్మశాలి కుటుంబాలు అక్కడి మరమగ్గాల మీద ఆధారపడి జీవిస్తున్నాయి. ముంబయి - అహ్మదాబాద్ రైలుమార్గం ఆ నగరం మీదుగానే సాగుతుంది. ఈ దారిలో పట్టాలు వేయడానికి 19వ శతాబ్దంలో లండన్ సొమ్ము వచ్చింది. 21వ శతాబ్దంలో జపాన్ సొమ్ము వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విదేశీ అప్పు ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.

అప్పు మాట వినగానే మనం అడిగే మొదటి ప్రశ్న ‘వడ్డీ ఎంత?’ అని. ఆ ప్రశ్న సరైనదే కాని, అదొక్కటే చాలదు. ఎందుకో చూద్దాం.

లండన్ సొమ్ము

బాంబే, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే కంపెనీ 1855లో ఏర్పడింది. దాని తొలి పట్టాలు సూరత్ పరిసరాల్లోనే పడ్డాయి. 1860లో తపతి నదికి ఉత్తరాన ఉన్న ఉత్రాణ్ నుంచి అంకలేశ్వర్ వరకు మార్గం ప్రారంభమైంది. 1864లో అది బొంబాయిని చేరింది.

ఇందులో పెట్టుబడి బ్రిటన్‌లోని ప్రైవేటు వాటాదారులది. అయితే నష్టభయం మాత్రం వారిది కాదు. ఏడాదికి 5 శాతం రాబడి వస్తుందని ప్రభుత్వం హామీ ఇచ్చింది. రైళ్ళ ఆదాయం అందుకు చాలకపోతే, ఆ లోటును భారతదేశ ప్రజల పన్నులతో పూడ్చాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. లండన్‌లో చెల్లించవలసింది పౌండ్లలో. మన రైతు పన్ను కట్టేది రూపాయల్లో. అప్పటి రూపాయి వెండి నాణెం. పౌండు విలువ బంగారంతో ముడిపడి ఉంది. 1870 తర్వాత వెండి ధర పడిపోతూ వచ్చింది. 1871 ప్రాంతంలో రూపాయికి దాదాపు 23 పెన్నీలు వచ్చేవి. 1894-95 నాటికి 13 పెన్నీలే వచ్చాయి.

లెక్క వేసి చూడండి. ఆ రోజుల్లో పౌండుకు 240 పెన్నీలు. లండన్‌కు 1,000 పౌండ్లు పంపడానికి మొదట సుమారు 10,400 రూపాయలు సరిపోయేవి. తర్వాత అదే 1,000 పౌండ్లకు సుమారు 18,500 రూపాయలు కావలసి వచ్చాయి. వడ్డీ శాతం మారలేదు. భారం మాత్రం ముప్పాతిక వంతుకు పైగా పెరిగింది!

ఒక నెలలో మారిన లెక్క

స్వతంత్ర భారతదేశానికి ప్రపంచ బ్యాంకు ఇచ్చిన మొదటి అప్పు కూడా రైల్వేలకే. అది 1949 ఆగస్టులో మంజూరైన 3 కోట్ల 40 లక్షల డాలర్ల రుణం. అప్పటికి డాలరు విలువ సుమారు 3 రూపాయల 31 పైసలు. మరుసటి నెలలోనే బ్రిటన్ పౌండు విలువను తగ్గించింది. దానితోపాటు మనమూ రూపాయి విలువను తగ్గించాం. డాలరు 4 రూపాయల 76 పైసలయింది. ఆ అప్పు మొత్తాన్ని రూపాయల్లో చెప్పుకుంటే 11 కోట్ల 25 లక్షలు కాస్తా 16 కోట్లు దాటింది. అదనంగా ఒక్క ఇంజను కూడా రాలేదు.

జపాన్ సొమ్ము

ఇప్పుడు మళ్ళీ సూరత్‌కు వద్దాం. పాత మార్గం మీద ప్రయాణికుల రైళ్ళూ గూడ్సు రైళ్ళూ ఒకదానికొకటి అడ్డుపడుతుండడంతో, గూడ్సు రైళ్ళకు ప్రత్యేక మార్గం తలపెట్టారు. అదే పశ్చిమ సరకు రవాణా కారిడార్. దాద్రి నుంచి ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవు వరకు దీని పొడవు సుమారు 1,500 కిలోమీటర్లు. సూరత్ ప్రాంతం మీదుగా వెళ్ళే ఈ మార్గానికి జపాన్ ప్రభుత్వం తన సహకార సంస్థ జైకా ద్వారా అప్పు ఇచ్చింది. కాంట్రాక్టుల విలువలో కనీసం 30 శాతం జపాన్ వస్తువులకు, సేవలకు దక్కాలన్నది ఈ తరహా రుణాలకు ఉన్న నిబంధన. కాబట్టి అప్పిచ్చిన దేశపు పరిశ్రమకూ ఇందులో లాభం ఉంటుంది.

తర్వాతిది 508 కిలోమీటర్ల ముంబయి - అహ్మదాబాద్ బుల్లెట్ రైలు. దీనికి 2017 సెప్టెంబరు 14న పునాది వేశారు. దీని 12 స్టేషన్లలో సూరత్ ఒకటి. అప్పటి అంచనా వ్యయం సుమారు 1 లక్షా 8 వేల కోట్ల రూపాయలు. అందులో 81 శాతం, అంటే దాదాపు 88,000 కోట్లు, జపాన్ అప్పు. వడ్డీ 0.1 శాతం. గడువు 50 ఏళ్ళు. మొదటి 15 ఏళ్ళు అసలు చెల్లించనక్కరలేదు.

5 శాతం ఎక్కడ, 0.1 శాతం ఎక్కడ! 88,000 కోట్ల మీద ఏడాది వడ్డీ 88 కోట్లే. షరతులు ఉదారమైనవనడంలో సందేహం లేదు. కాని అప్పు తీర్చవలసింది యెన్లలో. రూపాయితో పోలిస్తే యెన్ విలువ 10 శాతం పెరిగితే, అసలు 8,800 కోట్లు పెరుగుతుంది. అది నూరేళ్ళ వడ్డీతో సమానం!

ఇది కేవలం ఊహ కాదు. 2007 మధ్యలో 100 యెన్ల విలువ సుమారు 34 రూపాయలు. 2012 మధ్య నాటికి అది దాదాపు 70 రూపాయలైంది. అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 2024 మధ్యలో అదే 100 యెన్లు సుమారు 52 రూపాయలకు తగ్గాయి. అలా తగ్గినప్పుడు అప్పు తీసుకున్నవారికే మేలు. రాబోయే 50 ఏళ్ళలో ఏది జరుగుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

ఆలస్యం కూడా ఖర్చే. బుల్లెట్ రైలును 2022 నాటికి నడపాలని మొదట అనుకున్నారు. భూసేకరణ వంటి కారణాలతో ఆ గడువు దాటిపోయింది. రైలు నడిస్తేనే ఆదాయం వస్తుంది. అప్పు గడువు మాత్రం రైలు కోసం ఆగదు.

అందుచేత విదేశీ అప్పు గురించి చదివినప్పుడల్లా వడ్డీతోపాటు మరో నాలుగు ప్రశ్నలు వేసుకోండి. తిరిగి చెల్లించేది ఏ కరెన్సీలో? నష్టం వస్తే భరించేది ఎవరు? ఆ సొమ్ముతో ఎవరి సరకు కొనాలి? ఆ మార్గం తన అప్పును తీర్చుకోగలదా? 1855లో ఈ ప్రశ్నలు అడిగే హక్కు పన్ను కట్టిన భారతీయుడికి లేదు. మనకు ఆ హక్కు ఉంది.

బుల్లెట్ రైలు అప్పు వాయిదాలు 2060ల్లోనూ సాగుతాయి. అప్పటికి మీలో చాలామందికి అరవై ఏళ్ళు దగ్గరపడతాయి. ఆ రైలెక్కేది మీరే, దాని అప్పు తీర్చేదీ మీరే. కాబట్టి ఈ లెక్క ఇప్పటినుంచే మీకు తెలిసి ఉండాలి.