ఛాసిస్ నంబరు ఒక్కటే పాతది

మాచర్లలో మా మామయ్యకి ఒక జీపుంది. అది ఏ సంవత్సరం బండి అంటే చెప్పడం కష్టం. ఆర్.సి. ప్రకారం 1974. ఇంజను మాత్రం 80ల్లో మార్చింది. అప్పటి ఓనరు పెట్రోలు ఇంజను తీయించి డీజిల్ది వేయించి, ఆ సంగతి ఆర్.సి.లో కూడా ఎక్కించాడు. బాడీ నరసరావుపేటలో రేకు కొట్టించింది. గేర్‌బాక్సు ఇంకో జీపుది, స్టీరింగ్ ఎవరిదో దేవుడికే తెలియాలి. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు కింద దూరి చూస్తే, ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి ఛాసిస్సూ, ముందు యాక్సిలూ, అంతే తేలాయి. మరి దీన్ని మహీంద్రా చేసిందనాలా, పల్నాడు చేసిందనాలా?

ఇంగ్లండులో అయితే ఇంట్లో కూర్చుకున్న బండికి కిట్ కారు అని ఒక గౌరవమైన పేరుంది. 1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ తెచ్చాడు. పూర్తిగా తయారైన కారు కొంటే పర్చేజ్ టాక్స్ కట్టాలి, విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లో బిగించుకుంటే అక్కర్లేదు. అందుకని డబ్బాల్లో పెట్టి అమ్మేవాళ్ళు. బిగించే పద్ధతి రాసిస్తే టాక్స్ పడుతుందని, విప్పే పద్ధతి రాసిచ్చి 'దీన్ని వెనకనుంచి చదువుకోండి' అన్నారని ఒక కథ చెప్పుకుంటారు. రూల్‌లో సందు వెతకడం మనకే సొంతం అనుకునేవాళ్ళు గమనించగలరు :) 1973లో పర్చేజ్ టాక్స్ పోయి వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయింది. లోటస్ వాళ్ళు వదిలేస్తే ఆ సెవెన్‌ని అదే ఏడు కేటర్‌హామ్ అనే కంపెనీ తీసుకుంది.

మన దగ్గర కిట్ కార్ల చరిత్ర లేదని మొన్నటిదాకా అనుకున్నాను. నిజానికి జీపు మన దేశానికొచ్చిందే కిట్టుగా. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. యుద్ధం అయ్యాక, 1940ల చివర్లో, మహీంద్రా వాళ్ళు విల్లీస్‌తో ఒప్పందం చేసుకుని, విడిభాగాలు ఓడల్లో తెప్పించి బొంబాయి మజ్‌గావ్‌లో బిగించడం మొదలుపెట్టారు. లోటస్ కొన్న ఇంగ్లీషువాడు తన షెడ్డులో చేసిన పనినే ఇక్కడ ఒక కంపెనీ చేసింది. తేడా ఏంటంటే, లైసెన్సుల కాలంలో ఆ బిగించే హక్కు ఎవరికి ఇవ్వాలో ఢిల్లీ నిర్ణయించేది.

మా మామయ్య బండిలో ఉన్న డీజిల్ ఇంజను అసలు జీపు కోసం పుట్టింది కాదు. ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టరుది. ఆ ట్రాక్టర్లని మన దేశంలో చేసిన కంపెనీ మహీంద్రా వాళ్ళదే. కాబట్టి తర్వాత తమ డీజిల్ జీపులక్కూడా ఆ ఇంజను వంశాన్నే వాడుకున్నారు. పల్నాడుకి ఇది ఎంత కలిసొచ్చిందో చూడండి. 1967లో నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళొదిలాక ఊళ్ళలోకి ట్రాక్టర్లు వచ్చాయి, వాటి వెనకే ట్రాక్టరు మేస్త్రీలూ వచ్చారు. జీపు ఇంజను పాడైతే గుంటూరు దాకా లాక్కెళ్ళే పని లేకుండా గురజాలలోనో, దుర్గిలోనో ట్రాక్టరు బాగుచేసేవాడే చూసిపెట్టేవాడు. మనవాళ్ళు ఓపెన్ సోర్స్ గురించి ఎన్ని చెప్పినా, సోర్సు చదవగలిగినవాడు పక్క వీధిలో ఉండటం అంటే ఏమిటో నాకు ఈ జీపు చూశాకే అర్థమైంది.

ఇబ్బందులూ ఉన్నాయి లెండి. ఆ ఇంజను బరువెక్కువ. ముందు కమాను కట్టలు కుంగిపోతే మామయ్య ఇంకో పట్టీ వేయించాడు, దాంతో గతుకుల్లో వెన్ను లెక్కపెట్టుకోవచ్చు. ట్రాక్టరు ఇంజను పెట్రోలు ఇంజనంత వేగంగా తిరగదు, పాత గేర్లూ యాక్సిలూ మాత్రం పెట్రోలు ఇంజను లెక్కకి చేసినవి. అందుకని అరవై దాటితే చప్పుడే తప్ప ముందుకి కదలడం ఉండదు. సాగర్ రోడ్డు ఎత్తుల మీద మాత్రం పదిమందిని ఎక్కించుకున్నా ఆయాసం లేకుండా ఎక్కుతుంది. పదిహేను రోజులకోసారి గ్రీజు కొట్టాలి. ఆదివారం పొద్దున్నే మామయ్య కనపడకపోతే బండి కింద ఉన్నాడని అత్తయ్యకి తెలుసు.

బాడీ సంగతికొస్తే, మన దేశంలో చట్టం ఒప్పుకున్న కిట్ కారు లారీయే. హైవే మీద చూసే ఉంటారు, క్యాబిన్ కూడా లేని ఉత్త ఛాసిస్ మీద, మొహానికి తువ్వాలు చుట్టుకుని డ్రైవరు పోతుంటాడు. బెజవాడ ఆటోనగర్లో బాడీ కట్టే పని బతికింది ఆ ఛాసిస్‌ల వల్లే. అక్కడ నేర్చిన చేతులే చిన్న ఊళ్ళకొచ్చి జీపులకీ కొట్టాయి.

మొత్తంగా తానే చేసుకున్నవాడూ మనకున్నాడు. హైదరాబాదులో సుధాకర్ గారు బ్యాటు, బూటు లాంటి ఆకారాల్లో నడిచే కార్లు చేశారు. 2005లో 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్‌లోకెక్కారు. 2010లో బహదూర్‌పురాలో మ్యూజియం తెరిచారు. ఆ కార్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ వాటి చోటు మ్యూజియమే, రోజూ మిరపకాయ బస్తాలేసుకుని తిరగడానికి కాదు.

ఎందుకంటే దానికి దారి లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 126వ రూలు ప్రకారం బండి చేసేవాడు నమూనాని ఏఆర్ఏఐ లాంటి సంస్థలో పరీక్షింపించుకోవాలి. లక్ష బండ్లు చేసే కంపెనీకీ, ఒక్కటి చేసుకున్న మామయ్యకీ అదే గేటు. బ్రిటన్‌లో ఒక్క బండినే పరీక్షించి రోడ్డు మీదకి ఒప్పుకునే పద్ధతి 1998 నుంచే ఉంది. మనం 1988 చట్టంలోని 52వ సెక్షన్‌ని 2000లో ఇంకా బిగించాం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన కొలతలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని తేల్చింది. ఆ తీర్పుని తప్పుపట్టలేను. సీటు బెల్టు లేని ఈ జీపులో వెనక పిల్లలు నిలబడి వేలాడటం నేనూ చూశాను. కానీ బ్రేకులు చూసి ఈ బండి పనికొస్తుందో లేదో చెప్పండి అని అడిగే హక్కయినా ఉండొద్దా? పరీక్షలో ఫెయిలవడం వేరు, పరీక్ష రాయనివ్వకపోవడం వేరు.

ప్రైవేటు బండికి పదిహేనేళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషను తిరగ రాయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో కారుకైతే ఆ ఫీజుని 600 నుంచి 5000 చేశారు. మామయ్య వంతు వచ్చే నెల. ఇంజను మార్పు కాగితం ఉంది కాబట్టి దాంతో భయం లేదు, బాడీ గురించే ఏమంటారోనని గుబులు. అమ్మేయరాదా అన్నాను. 'ఎవడికమ్ముతాంరా, దీన్ని విప్పడం నాకొక్కడికే తెలుసు' అన్నాడు. ఆదివారం ఇద్దరం కలిసి ఛాసిస్ మీద తుప్పు ఉప్పుకాగితంతో గీకాం. నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలు రుద్దితే ఆరు అంకెలు శుభ్రంగా పడ్డాయి, ఏడోది ఒకటో ఏడో తేల్చుకోలేక రెండోసారి రుద్దాం.