రంగుటద్దాలలో నిలిచే గతం

కట్టడాల ఆయుర్దాయం మనుషుల ఆయుర్దాయం కన్న దీర్ఘమైనది. కట్టించినవారి కాలం చెల్లిన తరువాత కూడా గోడలు నిలుస్తాయి. అయితే తొలినాటి పనిలోనే నిలవవు. నిన్నటి కచేరీ నేడు పాఠశాల కావచ్చును. నిన్నటి గిడ్డంగి నేడు గ్రంథాలయం కావచ్చును. పని మారిన ప్రతిసారి గోడకు కొత్త సున్నం పడుతుంది, దాని కింద పాత కథ కప్పువడుతుంది. గోడలకు చెవులుంటాయని సామెత. విన్నదానిని తిరిగి చెప్పడానికి వాటికి నోరు లేదు. ఆ నోటిని కల్పించడానికి మానవుడు కనిపెట్టిన సాధనాలలో రంగుటద్దాల కిటికీ ఒకటి.

గాజు కరిగి ఉన్నప్పుడే అందులో లోహ భస్మాలను కలుపుతారు. కోబాల్టు నీలాన్ని, రాగి ఆకుపచ్చను, బంగారం కెంపువన్నెను ఇస్తాయి. ఆ పలకలను ముక్కలుగా కోసి, ముఖాలను, వస్త్రాల మడతలను నల్లని రంగుతో గీసి, కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో కూర్చుతారు. ఫ్రాన్సు దేశంలోని షార్త్రె నగరపు ప్రార్థనాలయంలో 13వ శతాబ్ది నాటి కిటికీలలో పవిత్ర గాథలతో పాటు రొట్టెలు కాల్చేవారు, చెప్పులు కుట్టేవారు, వడ్రంగులు తమ తమ పనిముట్లతో దర్శనమిస్తారు. అక్షరం రానివారికి కూడా పనిముట్టును చూడగానే ఆ వృత్తి బోధపడుతుంది. సంకేతానికి గల బలం అదే.

తెలుగు నేలపై ఈ కళకు పేరెన్నికగన్న ఉదాహరణం మెదక్ కేథడ్రల్. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో ఆరంభమైన ఈ నిర్మాణానికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు కిటికీలు అందులో ఉన్నవి. క్రీస్తు ఆరోహణాన్ని చూపే కిటికీ 1927లోను, జననాన్ని చూపేది 1947లోను, సిలువ ఘట్టాన్ని చూపేది 1958లోను అమరినవి. పగటి వెలుగులో లోపల నిలిచి చూచినవారికే ఆ రంగులు పలుకుతాయి. వెలుపలి నుండి చూచినవారికి అవి మసక గాజులు మాత్రమే.

అయితే ఆ కట్టడానికి ఆరాధన కన్న ముందు మరొక ప్రయోజనం ఉన్నది. కరవు పీడించిన ఆ రోజులలో పేదలకు పని కల్పించి కూడు పెట్టడానికి ఈ నిర్మాణం ఆధారమైనది. తొలి ప్రార్థన వినిపించక మునుపే అది ఆకలి తీర్చినది. ఆ మూడు కిటికీల ఇతివృత్తాలూ క్రీస్తు జీవితానివే; రాయి మోసిన కూలీల కథ మాత్రం జనుల నోటనే నిలిచినది. కనుక రంగుటద్దం దేనిని చూపుతున్నదన్నదే కాక, దేనిని విడిచిపెట్టినదన్నదీ ఆలోచించవలసిన విషయం.

కట్టడం చేతులు మారినప్పుడు పాత గుర్తులను ఏమి చేయాలన్నది మరొక ప్రశ్న. దీనికి హైదరాబాదు కోఠిలోని రెసిడెన్సీ భవనం ఒక సమాధానం. 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దానిని కట్టించాడు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో దానిపై దాడి జరిగినది. స్వాతంత్ర్యానంతరం, 1949లో, అది మహిళా కళాశాల అయినది. ముఖద్వారపు శిరోభాగాన మలచిన కంపెనీ చిహ్నాన్ని ఎవరూ పడగొట్టలేదు. దశాబ్దాల పాటు విద్యార్థినులు ఆ చిహ్నం కిందుగానే తరగతులకు నడచినారు. ఆ కళాశాల 2022లో విశ్వవిద్యాలయమై, 2024లో తెలంగాణ రైతాంగ పోరాట వీరనారి చాకలి ఐలమ్మ పేరును ధరించినది. దొరల చిహ్నం, రైతు స్త్రీ పేరు ఒకే ఆవరణలో నిలిచి ఉండడం కన్న మంచి చరిత్ర పాఠం వేరొకటి లేదు.

కోరాపుట్, రాయగడ ప్రాంతాలకు ఇట్టి మార్పులు కొత్త కావు. సూర్యవంశపు రాజుల రాజధాని నందపురం నుండి జయపురానికి తరలినది. జయపురంలోని జ్వరాలకు వెరచి ఆంగ్లేయ అధికారులు 1870లో తమ ముఖ్యస్థానాన్ని కోరాపుట్‌కు మార్చుకొన్నారు. మద్రాసు రాజధానిలో విశాఖపట్టణం జిల్లాకు చెందిన ఈ సీమ 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరి కోరాపుట్ జిల్లా అయినది; 1992 అక్టోబరు 2న రాయగడ ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. కచేరీ అక్కడే ఉన్నది. అందులో నడిచే కాగితం, భాష, ముద్ర మారినవి.

ఇక్కడ రంగుటద్దాలు చేయవలసిన పనిని చాలవరకు పేర్లే చేస్తున్నవి. తెలుగు కవీ, జయపురం మహారాజూ అయిన విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయల విరాళం ఏర్పాటు చేసినారు. వాల్తేరులోని విజ్ఞాన కళాశాలకు వారి పేరు పెట్టినారు. తూర్పు బెంగాలు కాందిశీకుల పునరావాసానికి 1958లో దండకారణ్య ప్రాజెక్టు ఏర్పడినది. ఆ ప్రాజెక్టు పని ముగిసినా, మల్కన్‌గిరి సీమలో నాటి ఊళ్లను జనులు ‘ఎం.వి.’ అన్న అక్షరాలు, ఒక అంకె కలిపి నేటికీ పిలుస్తున్నారు. అయితే పేరుకు ఒక లోపం ఉన్నది. అర్థం మరచిపోయిన తరువాత కూడా అది వాడుకలో ఉండగలదు. ఆ అంకె ఎందుకు వచ్చినదో చెప్పేవారు లేనినాడు అది వట్టి అంకెగానే మిగులుతుంది.

డెబ్బది అయిదేండ్లు నిండిన విద్యాలయం ఆలోచించవలసినది ఇక్కడనే. తరగతి గదులు పూర్వం ఎవరి నివాసమో, ఏ వ్యాపారానికి నెలవో, ఏ చెట్టు కింద తొలి పాఠం జరిగినదో ఎరిగిన పెద్దలు, పూర్వ విద్యార్థులు ఉన్నప్పుడే అడిగి వ్రాసుకొనవలెను. ఆ పిమ్మట ప్రార్థన మందిరంలో ఒక చిన్న కిటికీకి రంగుటద్దాలు అమర్చుకొనవచ్చును. తక్కెడ, లాంతరు, పలక — పూర్వపు ఒక్కొక్క ఉపయోగానికి ఒక్కొక్క గుర్తు, కింద సంవత్సరం. పక్కపక్కనే తెలుగు ‘అ’, ఒడియా ‘అ’. ఒక మూలన, మెదక్ కిటికీలలో చోటు దొరకని తట్ట, పార.

సంచిక బీరువాలో భద్రంగా ఉంటుంది. కిటికీ ప్రతిదినం బాలుని కంట పడుతుంది. పొరుగు రాష్ట్రంలో తెలుగు మాధ్యమం ఎన్ని తరాలు సాగునో చెప్పజాలము. ఒకవేళ ఈ గదులకు మరల పని మారినా, ఇక్కడ తెలుగులో ఓనమాలు దిద్దినారన్న సంగతిని ఉదయపు ఎండ ఆ గాజులోనుండి నేలమీద వ్రాస్తూనే ఉండగలదు.