మెల్లని పాట



క్రిస్మసు రాత్రి డప్పులతో వీధి వెంట పాడిన కీర్తననే, మరణము సంభవించిన యింట మెల్లగా పాడి చూడుము. మాట మారలేదు, రాగము మారలేదు. అయినను గుండె బరువెక్కును. నలుగురి నడుమ కూర్చున్నను ఒంటరితనము తోచును. ఇది యేల?

1937లో అమెరికాలో కేట్ హెవ్నర్ అను మనశ్శాస్త్రవేత్త ఒకే సంగీతమును త్వరగాను మెల్లగాను వినిపించి, విన్నవారికి తోచిన భావమును తెలిసికొనెను. త్వరగా వాయించినప్పుడు సంతోషమనియు, మెల్లగా వాయించినప్పుడు నెమ్మది, గాంభీర్యము, దుఃఖము అనియు వారు ఎక్కువగా తెలిపిరి. దుఃఖించువాని నడక మెల్లన, మాట మెల్లన. పాట ఆ నడక నడిచినప్పుడు మన మనస్సు దానిని గుర్తించును.

అయితే సంఘచరిత్రలో మెల్లని పాటకు మరియొక కథ కలదు. 1551లో జెనీవా పట్టణమున లూయీ బూర్జువా కూర్చిన పుస్తకములో 134వ కీర్తనకు ఒక రాగము వెలువడెను. ఆంగ్లేయులు దానిని 100వ కీర్తనకు చేర్చుకొనిరి. మొదట అది దీర్ఘ హ్రస్వ స్వరములు కలిసిన చురుకైన రాగము.

కాని ఇంగ్లండు, స్కాట్లండు దేశములలో అనేకులకు చదువు రాదు. కావున 1645లో అంగీకరింపబడిన ఆరాధనక్రమము, అట్టి సంఘములలో ఒకరు కీర్తనను చరణము చరణముగా చదివి వినిపింపవలెనని చెప్పెను. తరువాత సంఘమంతయు పాడును. వాద్యము లేదు, తాళము లేదు. ఒకరికొకరు ఆగుచు పాడుటచే, తరములు గడచినకొలది పాట మిక్కిలి నెమ్మదించెను. 1721లో అమెరికాలోని బోధకుడు థామస్ వాల్టరు, ఒక్క స్వరము ముగియులోగా తాను రెండుమారులు ఊపిరి తీసికొనవలసి వచ్చెనని మొరపెట్టెను! పిమ్మట అచ్చట సంగీత పాఠశాలలు లేచి, స్వరములు చూచి చక్కగా పాడుట నేర్పినవి.

స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపమందు మాత్రము గేలిక్ భాషలో ఆ పాత పద్ధతి నేటికిని నిలిచియున్నది. ఒకడు చరణమునెత్తుకొనును, తక్కినవారు వెంబడింతురు. ప్రతివాడు తన కంఠమునకు వచ్చినట్లు స్వరమును తిప్పును. వినువానికి అది ఒంటరి ఏడ్పువలె తోచును. కాని పాడువారిలో ఒక్కడును ఒంటరి కాడు.

నేనొక సంగతి ఒప్పుకొనవలెను. చాలకాలము క్రిందట ఒక పల్లెలో సమాధి యొద్ద, మబ్బు పట్టినదని త్వరపడి పాట పాడించుచుంటిని. కుమారుని పోగొట్టుకొనిన తల్లి నా చేయి పట్టుకొని, “అయ్యగారూ, నాకు చదువు రాదు. కొంచెం మెల్లగా చెప్పి పాడించండి, నేనూ పాడతాను” అనెను. నేను సిగ్గుపడితిని. చరణము చరణముగా చెప్పితిని, ఆమె పాడెను. వాన వచ్చెను. ఎవరును కదలలేదు.

సంతోష కీర్తనను ఈడ్చి పాడుట మేలు కాదు. వాల్టరు మొర న్యాయమైనదే. కాని దుఃఖమున్న చోట త్వరపడకుము. మెల్లని పాట మనలోని ఒంటరితనమును పైకి తెచ్చును, నిజమే. అది పుట్టినదో, చదువురాని సహోదరుని కొరకు కనిపెట్టుటలోనే. వచ్చు ఆదివారము నీ ప్రక్కనున్నవారి గొంతు వెనుకబడినయెడల, ఒక్క క్షణము ఆగుము. వారు వచ్చి కలిసికొందురు.